ఆఫీసులు వెళ్ళిపోయిన వీధి

సర్వర్లను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడం నా వృత్తి. పిల్లలూ, మన యాంగాన్ నుంచి ఏకంగా ప్రభుత్వాన్నే మార్చేశారు, తెలుసా? 2005 నవంబరు 6న తెల్లవారుతూనే మంత్రిత్వ శాఖలు లారీలెక్కి, సుమారు 320 కిలోమీటర్ల దూరంలోని నేపిడాకు తరలడం మొదలైంది.

అక్కడ ఉద్యోగులకు క్వార్టర్లు కట్టారు. పైకప్పు రంగును బట్టి ఏ శాఖవారి ఇళ్ళో చెప్పొచ్చట! అయినా పిల్లల చదువుల కోసం చాలా కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. ఒక జీతం, రెండు కాపురాలు. (2016లో హైదరాబాదు నుంచి వెలగపూడి వెళ్ళిన మన సచివాలయం వాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు.)

యాంగాన్ పాత సెక్రటేరియట్ అంటే 1905లో పూర్తయిన ఎర్ర ఇటుకల భవనం. దాని పక్క సందులో నేను టీ తాగే కొట్టుంది. "గుమాస్తాలు, అర్జీలు తెచ్చే జనం, అవి టైపు కొట్టేవాళ్ళు, అందరూ ఇక్కడే తాగేవారు" అన్నాడు కొట్టు పెద్దాయన. ఫైళ్ళ కోసం లారీలొచ్చాయి గానీ, టైపిస్టు కోసం రాలేదు. సర్వరు మార్చేముందు దానిమీద ఆధారపడ్డవన్నీ మేం జాబితా రాసుకుంటాం. టీ కొట్టుని ఏ జాబితాలో రాస్తారు?

"ఆ టైపిస్టు ఇప్పుడెక్కడ, తాతగారూ?" అనడిగింది మా అమ్మాయి. ఆయనకీ తెలీదు. టీ బాకీ కింద వదిలివెళ్ళిన టైపు మిషను మాత్రం అటక మీద చూపించాడు.