ముగ్గురాయి పొడి కాకముందే

మంగంపేట పేరు మా సీమలో చాలామందికి తెలుసు. పాత కడప జిల్లా, ఓబులవారిపల్లె మండలం. అక్కడ దొరికే బెరైటీస్‌ని మనం ముగ్గురాయి అంటాం. ఒకేచోట ఇంత పెద్ద నిక్షేపం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు; 7 కోట్ల టన్నులకు పైమాటే అని లెక్క. పేపర్లో ఈ పేరు వచ్చిందంటే టెండర్లు, లారీలు, ఎగుమతులు. అసలు ఆ రాయి అక్కడికి ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. నాకైతే టన్నుల లెక్క కంటే ఆ ప్రశ్నే ముఖ్యం అనిపిస్తుంది.

ఇప్పుడు చుక్క నీటికి మొహం వాచే ఈ నేల వంద కోట్ల ఏళ్ళకు ముందు సముద్రం. మన ఇళ్ళలో పరిచే బేతంచెర్ల నాపరాయి కూడా ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. ముగ్గురాయి అంటే బేరియం, సల్ఫేట్ కలిసిన ఖనిజం. సముద్రపు నీళ్ళలో సల్ఫేట్ బోలెడుంటుంది. మరి అంత బేరియం ఎక్కడిది? అగ్నిపర్వతం నుంచి వచ్చిందని కొందరు, సముద్రం అడుగు పగుళ్ళలోంచి ఎగజిమ్మిన వేడినీళ్ళు తెచ్చాయని కొందరు, బురదలోనే మెల్లగా గడ్డకట్టిందని ఇంకొందరు. వాదన ఇంకా తేలలేదు.

అలాంటి వేడినీటి ఊటల్ని 1977లో గాలపాగోస్ దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగి మొదటిసారి కళ్ళారా చూశారు. 2024 డిసెంబర్‌లో మన శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున ఒకదాన్ని ఫోటో తీశారు. కానీ అన్ని చోట్లకీ దిగి చూడలేం కదా. అందుకే రసాయన ఆనవాళ్ళు వెతుకుతారు, వాటినే ట్రేసర్లు అంటారు. హీలియం-3 భూగర్భం నుంచి వస్తుంది, దేనితోనూ కలవదు. 1981లో లప్టన్, క్రెయిగ్ దాన్ని పట్టుకునే పసిఫిక్‌లో ఒక ఊట జాడ 2,000 కిలోమీటర్ల దూరం దాకా సాగిందని చూపించారు. సీఎస్‌ఈ వాళ్ళకి చెప్పాలంటే ఇది ట్రేస్ ఐడీ. రిక్వెస్ట్ ఎన్ని సర్వర్లు దాటినా ఐడీ మారకూడదు, మారితే పనికిరాదు.

పాత రాయిలో ఆ పని స్ట్రాన్షియం చేస్తుంది. బేరియం ఉండాల్సిన చోట అది కొంచెం దూరుతుంది. దాని రెండు ఐసోటోపుల నిష్పత్తి ఇప్పటి సముద్రంలో 0.709, వేడి ఊటల్లో 0.704 దగ్గర. ముగ్గురాయిలో రుబీడియం దాదాపు ఉండదు కాబట్టి, ఆ నిష్పత్తి కోట్ల ఏళ్ళు గడిచినా చెక్కుచెదరదు. అయితే ఒక్క సంఖ్యతో తీర్పు చెప్పలేం. నేల మీది పాత గ్రానైట్ నుంచి నదులు తెచ్చిన స్ట్రాన్షియం కూడా ఆ లెక్కను మారుస్తుంది. గంధకం ఐసోటోపుల్ని బాక్టీరియా మారుస్తుంది. అందుకే ఏ ముక్క ఏ పొరలోది, ఎంత లోతులోది అన్నది తెలియాలి. మిల్లులో పడ్డాక అది తెలియదు. టైమ్‌స్టాంపులు చెరిపేసి కలిపేసిన లాగ్ ఫైల్ లాంటిదే ఆ పొడి.

జియలాజికల్ సర్వే మంగంపేటను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో చేర్చింది, సంతోషమే. కానీ ఆ జాబితాలో పేరే అగ్నిపర్వతం వల్ల పుట్టిన బెరైటీస్ అని ఉంది. తేలని వాదనలో ఒక పక్షం మాటని బోర్డు మీద రాసేసినట్టు కాదా?

గని ఆపమని నేను అనడం లేదు. దాని మీద ఎన్నో ఇళ్ళు బతుకుతున్నాయి, చమురు బావులు తవ్వడానికీ ఆ పొడి కావాలి. ఈ రాయి ఎలా పుట్టిందో తెలిస్తేనే నల్లమల వరుసలో తర్వాతి నిక్షేపం కోసం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, కాబట్టి ఇది వ్యాపారానికి అడ్డమేం కాదు. నేను కోరేది రెండే. కింది పొర నుంచి పై పొర దాకా కనిపించే గోడ ఒకటి తవ్వకుండా వదలాలి. డ్రిల్లింగ్‌లో తీసిన రాతి నమూనాల్ని లోతు రాసి దాచి, ఆ వివరాలు అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టాలి.

ఆ కేటలాగ్ కట్టడం మనకు చేతనైన పనే. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇంకో అటెండెన్స్ యాప్ రాసేకన్నా ఇది నయం.