సుగంధ తైలములు, మనశ్శాంతి

సుగంధపు పైరులను గురించి రైతులు మమ్ములను అడుగు ప్రశ్నలు సాధారణముగా రెండు. ఎకరమునకు ఎంత నూనె వచ్చును? వచ్చిన నూనెను కొనువారెవరు? ఈ మధ్య మూడవ ప్రశ్న ఒకటి వచ్చి చేరినది. ఈ నూనె వాసన చూచినచో మనసులోని దిగులు పోవునట గదా, అది నిజమేనా? మొదటి రెండు ప్రశ్నలకు మా శాఖవారు సమాధానము చెప్పుచునే యున్నారు. మూడవది మన పని కాదని తప్పించుకొనుట సరికాదని నా అభిప్రాయము. ఆ నూనెను పండించువాడు రైతే. ఆ మాట నమ్మి సీసా కొనువారిలోను రైతు కుటుంబములు ఉన్నవి.

నిరుటి వేసవిలో ఒక రైతు నా కార్యాలయమునకు వచ్చినాడు. ఏబది యేండ్ల మనిషి. ఒక ఎకరములో నిమ్మగడ్డి వేసియున్నాడు. అంతకు ముందటి సంవత్సరము మిరపపైరు దెబ్బతిని అప్పుపడినాడు. సంచిలోనుండి చిన్న సీసా తీసి బల్లపై పెట్టినాడు. పట్నములో జరిగిన ఒక ప్రదర్శనలో కొన్నాడట. రాత్రి పడుకొనునప్పుడు నాలుగు చుక్కలు దిండుపై వేసికొన్నచో చింత పోయి గాఢనిద్ర వచ్చునని, నెల తిరుగకముందే మనిషి మారిపోవునని అమ్మినవారు చెప్పిరట. సీసాపై చిన్న అక్షరములలో వ్రాసినది చదివి చూచితిని. అది నిమ్మగడ్డి నూనెయే.

"సారూ, నా చేలో గడ్డి నూనెనే నాకు అమ్మినారు గదా!" అని ఆయన నవ్వినాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. "వాసన బాగానే ఉన్నది. నిద్రే వస్తలేదు. మూడు నెలలాయె" అన్నాడు.

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదన్న సామెత ఇచట తిరుగబడినది. పెరటి గడ్డియే సీసాలోకి పోయి, రంగుల కాగితము కట్టుకొని, వైద్యముగా తిరిగి వచ్చినది. ఇందులో నిజమెంత, ఆశ యెంత అన్నది విడదీసి చూడవలసియున్నది.

వాసన చేయు పని

వాసనకు మనసుతో సంబంధము కలదనుట వట్టి మాట కాదు. ముక్కు పైభాగమున వాసనను పట్టు కణములు గలవు. మనుష్యునిలో వాసనలను గుర్తించు గ్రాహకములు సుమారు 400 రకములు పనిచేయుచున్నవి. ఈ గ్రాహకముల సంగతి 1991లో వెల్లడించినందులకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అను శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమానము లభించినది. చూపు, వినికిడి మొదలైనవి మెదడులో ఒక మజిలీ దాటి పైకి పోవును. వాసన మాత్రము భయము, ప్రీతి, జ్ఞాపకము మొదలగువాటికి స్థానములైన భాగములకు దగ్గరి దారిని చేరును. అందువలననే సాంబ్రాణి వాసన తగులగానే పురిటియిల్లును, మరువము వాసన తగులగానే పెండ్లి పందిరియు గుర్తునకు వచ్చును.

'అరోమాథెరపీ' అను పేరును వ్యాప్తికి తెచ్చినవాడు రెనే మారిస్ గట్టెఫోస్సే అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆ పేరుతో ఆయన గ్రంథము 1937లో వెలువడినది. తరువాత పలు దేశములలో పరీక్షలు జరిగినవి. ఆసుపత్రిలో చికిత్సకు ముందు భయపడుచున్న రోగులకు లావెండరు వాసన చూపినచో ఆందోళన కొంత తగ్గినట్లు అనేక పరీక్షలలో కనబడినది. అయితే వానిలో హెచ్చు భాగము కొద్దిమందితో, కొద్దికాలము జరిపినవే. మరియొక చిక్కు కలదు. క్రొత్త ఎరువు గుణము తెలియవలెనన్న, ఆ ఎరువు వేయని మడి ఒకటి ప్రక్కన ఉండవలెనని మన రైతులందరికి తెలియును. వాసన విషయములో అట్టి మడిని ఏర్పరచుట కష్టము. తనకు ఇచ్చినది వాసనగల నూనెయా, కాదా అని రోగికి ముక్కే చెప్పివేయును. మేలు నూనె వలన కలిగినదో, కలుగునన్న నమ్మకము వలన కలిగినదో తేల్చుట సులభము కాదు.

ఇంతకు తేలినదేమనగా, మంచి వాసన కొంతసేపు మనసుకు ఊరట నిచ్చును. బిగిసిన శరీరము కొంత సడలును. ఇది చిన్న మేలు, కాని మేలే. దిగులు జబ్బును కుదుర్చుననుటకు మాత్రము తగిన నిరూపణ లేదు.

మన ఇండ్లలో ఉన్నదే

ఈ చిన్న మేలు కొరకు సీసా కొననవసరము లేదు. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుట, కడవ నీటిలో వట్టివేళ్ళు వేయుట, తలలో మల్లెలతోపాటు మరువము, దవనము తురుముకొనుట మన పెద్దలకు తెలిసినవే. తొలకరి చినుకు పడగానే నేల నుండి లేచు వాసనకు మించిన పరిమళము రైతుకు వేరొకటి ఏమున్నది? ఆ వాసనకు 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 'పెట్రికోర్' అని పేరుపెట్టిరి. అందులో ముఖ్యమైన భాగము నేలలోని సూక్ష్మజీవులు తయారుచేయు 'జియోస్మిన్' అను పదార్థము. ఉత్తరప్రదేశములోని కన్నౌజు పట్టణమున కాల్చిన మట్టిని రాగి పాత్రలలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలములో పట్టి 'మిట్టీ అత్తరు' చేయుదురు. మనకు ఊరక దొరకునది అచట అత్తరు సీసాలలో అమ్ముడగుచున్నది.

ఇంట నూనె వాడదలచినవారు వేడినీటి గిన్నెలో రెండు మూడు చుక్కలు వేసి గదిలో ఉంచవచ్చును. లేదా చేతి రుమాలుపై ఒక చుక్క చాలును. ఒంటికి రాయదలచినచో రెండు చెంచాల నువ్వుల నూనెకో, కొబ్బరి నూనెకో ఒక చుక్క కలిపి, ముందుగా ముంజేతిపై కొంచెము రాసి ఒక దినము చూడవలెను. బట్టీ నుండి వచ్చిన నూనెను కలుపకుండ రాసినచో చర్మము మండును, పొక్కులు లేచును. కడుపులోకి తీసికొనరాదు. కర్పూరము, నీలగిరి తైలము పొరపాటున మ్రింగిన పిల్లలకు మూర్ఛలు వచ్చును. కావున సీసాలను పిల్లలకు అందనిచోట ఉంచవలెను. ఉబ్బసము గలవారు, గర్భిణీ స్త్రీలు వైద్యుని అడిగి వాడుట మంచిది.

ఎచట ఆగవలెను?

నేను ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము ఇదియే. ఒకనాటి అలసటకు, ఒక పూట చికాకుకు పరిమళము చాలవచ్చును. రెండు వారములకు పైగా నిద్ర పట్టకున్నను, తిండి సహింపకున్నను, చేనివైపు పోబుద్ధి పుట్టకున్నను, బ్రతికి ఏమి ప్రయోజనమన్న మాట నోట వచ్చినను, అది వాసనతో పోవునది కాదు. జ్వరము వచ్చినప్పుడు ఆసుపత్రికి పోవుటకు సిగ్గుపడము గదా! మనసు జబ్బుపడినప్పుడును అంతే. అట్టి మనిషి చేతికి సీసా ఇచ్చి, నెలదినములు వాడి చూడుమనుట వలన పోవునది సీసా వెల మాత్రమే కాదు. ఆ నెల పోవును. ఒక్కొక్కప్పుడు ఆ నెలయే ముఖ్యము. 1997-98లో వరంగల్లు ప్రాంతమున పత్తిరైతుల ఇండ్లలో జరిగిన దుఃఖము మన శాఖలో ఎవరును మరువరానిది.

ఆనాడు ఆ రైతుతో, "అన్నా, ఈ నూనె వాసన బాగున్నచో ఉంచుకో. కాని రేపు నాతో ఏరియా ఆసుపత్రికి రా" అంటిని. మొదట వెనుకాడినాడు. "నాకు పిచ్చి అనుకుంటరు సారూ" అన్నాడు. తరువాత భార్యను వెంటబెట్టుకొని వచ్చినాడు. డాక్టరుగారు మందు వ్రాసిరి. బ్యాంకునకు పోయి బాకీ వాయిదాలను గూర్చి మాట్లాడితిమి. కొంత గడువు దొరికినది. రెండు నెలలకు నిద్ర కుదుటపడినది. ఏ మేలు మందు వలన, ఏ మేలు గడువు వలన కలిగినదో నేను చెప్పలేను. నూనె వలన మాత్రము కాదని ఆయనయే చెప్పును.

గ్రామమున పనిచేయు పంచాయతీ కార్యదర్శులకు, వ్యవసాయ విస్తరణాధికారులకు, ఆశా కార్యకర్తలకు ఒక మనవి. పంట పోయిన ఇల్లు ఏదో మనకు ముందుగా తెలియును. నష్టము లెక్క వ్రాయుటకు పోయినప్పుడు, "రాత్రి నిద్ర పట్టుచున్నదా?" అని ఒక్క మాట అడిగి రండు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన 'టెలీ మానస్' సేవ 14416 నంబరుపై రాత్రింబగళ్ళు ఉచితముగా పనిచేయుచున్నది. తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ నంబరును పంచాయతీ గోడపై వ్రాయించుడు. దిగులుతో నున్నవాని ఇంట పురుగుమందు డబ్బాలకు తాళము పెట్టి, తాళపుచెవి వేరొకరివద్ద ఉంచునట్లు చూడుడు.

పండించువారి మాట

ఇట్లు వ్రాసినంతమాత్రమున సుగంధపు పైరులు వలదని నా భావము కాదు. నిమ్మగడ్డి, పామారోజా, వట్టివేళ్ళు మంచి పైరులే. నిమ్మగడ్డి ఒకసారి నాటినచో నాలుగైదు సంవత్సరములు కోతకు వచ్చును. టన్ను పచ్చిగడ్డికి సుమారు 3 నుండి 5 కిలోల నూనె దిగును. ప్రధాన కార్యాలయము లక్నోలో గల కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదులోను పరిశోధనా కేంద్రము కలదు. వారి 'కృష్ణ' వంటి రకములు రైతులకు అందుబాటులోనున్నవి. అయితే గడ్డి నాటుటకు ముందే బట్టీ ఎచటనున్నదో, నూనె కొనువారెవరో తేల్చుకొనవలెను. నిమ్మగడ్డి నూనెకు విలువ తెచ్చునది అందులోని సిట్రాల్. అది సబ్బులకు, పరిమళ ద్రవ్యములకు, విటమిన్ 'ఏ' తయారీకి పనికివచ్చును. మనశ్శాంతి సీసాలను నమ్ముకొని ఎకరములు పెంచుట తెలివి కాదు.

మహిళా సంఘములవారు, రైతు సంఘములవారు స్వయముగా సీసాలు నింపి అమ్ముట సంతోషకరము. వారు సీసాపై మొక్క పేరు, బట్టీపట్టిన తేది, ఊరి పేరు వ్రాయుడు. దిగులు పోగొట్టునని, మతిభ్రమణమును కుదుర్చునని వ్రాయవలదు. 1954 నాటి ఔషధముల, మాంత్రిక ఉపాయముల అభ్యంతరకర ప్రకటనల చట్టము ప్రకారము కొన్ని జబ్బులను కుదుర్చుదుమని ప్రకటించుట నేరము. ఆ పట్టికలో మతిభ్రమణము, నరముల బలహీనత చేరియున్నవి. చట్టము మాట అటుంచి, ఆ సీసా మరియొక రైతు దిండు క్రిందికి చేరునని గుర్తుంచుకొనుట మేలు. విత్తనముపై అబద్ధపు చీటీ అతికించినవానిని మనము క్షమింపము. నూనె సీసాకు వేరొక న్యాయము ఉండరాదు.

ఆ రైతు చేలో నిమ్మగడ్డి ఇప్పుడు మూడవ కోతకు వచ్చినది. బట్టీ దించుదినమున నన్ను రమ్మని కబురు పంపినాడు. ఆవిరితోపాటు నిమ్మవాసన చేనంతయు కమ్ముకొన్నది. "దీనికే గదా సారూ, అంత డబ్బు పోసి సీసా కొన్నది" అని నవ్వినాడు. ఈ సారి ఆ నవ్వు చాలసేపు నిలిచినది.