శ్రీ విజయపురం: చూడదగినవి, చూడరానివి

అండమాన్, నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్లు కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2024 సెప్టెంబరు 13న ప్రకటించారు. అంతకు ముందు ఏడాది జులైలో వీర్ సావర్కర్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. ఏటా 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపడేలా దానిని నిర్మించారు. 2011 జనగణన ప్రకారం దీవుల మొత్తం జనాభా 3.80 లక్షలు మాత్రమే. పర్యాటకంపై ఆశ ఎంత పెద్దదో, దాని వెంట వచ్చే బాధ్యత ఎంత బరువైనదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

నగరానికి వచ్చేవారిలో అత్యధికులు ముందుగా దర్శించేది సెల్యులార్ జైలు. 1906లో నిర్మాణం పూర్తయిన ఈ కారాగారానికి ఉన్న ఏడు విభాగాలలో నేడు మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి ఇక్కడే బందీగా గడిపారు. 1979లో దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఎదురుగా, ఒకప్పటి బ్రిటిష్ పాలనా కేంద్రమైన రాస్ దీవి 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమైంది. 1883లో ఏర్పాటైన చాథమ్ కలప కోత మిల్లు మరో ఆకర్షణ.

హడావుడి యాత్రలో తరచుగా జారిపోయేది మిడిల్ పాయింట్‌లోని మానవశాస్త్ర ప్రదర్శనశాల. జరావా, ఓంగే, సెంటినలీ, షోంపెన్ తదితర ఆదివాసుల జీవన విధానాన్ని వారి పనిముట్లు, పడవల నమూనాలు, ఛాయాచిత్రాలు ఇక్కడ వివరిస్తాయి.

దీని ప్రాధాన్యం ఇప్పుడు మరింత పెరిగింది. నిషేధిత ఉత్తర సెంటినల్ దీవిలో అడుగుపెట్టిన అమెరికా పౌరుడిని 2025 మార్చి 31న పోలీసులు అరెస్టు చేశారు. ఆదివాసుల రక్షణకు 1956 నుంచే ప్రత్యేక నిబంధనలున్నాయి. బయటివారికి సాధారణమైన జలుబు, తట్టు వంటి జబ్బులు సైతం ఈ తెగలకు ప్రాణాంతకం కావచ్చు. 1858లో బ్రిటిష్ వారు ఖైదీల స్థావరం నెలకొల్పే నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు, ప్రధానంగా బయటి వ్యాధుల వల్ల నేడు కొన్ని పదుల సంఖ్యకు చేరారు.

దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు. విశాఖపట్నం నుంచి నౌకా ప్రయాణ సౌకర్యమూ ఉంది. బంధువుల కోసమో విహారానికో వెళ్లే తెలుగువారు మిడిల్ పాయింట్‌లో ఒక గంట గడిపితే, ఆ దీవుల తొలి నివాసులను గురించి తెలుసుకోవచ్చు. వారి జోలికి వెళ్లకుండానే.