లెక్క తప్పితే గట్టు తెగినట్లే!

ధవళేశ్వరం: గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ కోనసీమ లంక గ్రామాల చూపంతా ధవళేశ్వరం కాటన్ బ్యారేజి వద్ద నీటిమట్టంపైనే ఉంటుంది. అది 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జూలైలో మూడో హెచ్చరికను దాటి పోటెత్తిన ప్రవాహాన్ని డెల్టా వాసులు నేటికీ మరువలేదు. కొలబద్దపై కనిపించిన అంకెను ఉన్నది ఉన్నట్లుగా నమోదు చేయబట్టే దిగువ ఊళ్లవారు సకాలంలో సురక్షిత ప్రాంతాలకు తరలగలుగుతున్నారు. ఎవరినీ కలవరపెట్టడం ఎందుకని ఆ అంకెను రెండడుగులు తగ్గించి రాస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వ్యాపార రంగంలో ఆడిటరు బాధ్యత కూడా ఇటువంటిదే. ఆ సంతకాన్ని నమ్మి బ్యాంకు రుణం ఇస్తుంది. మదుపరి కష్టార్జితం పెడతాడు. ఉద్యోగి తన భవిష్యత్తును ముడివేసుకుంటాడు. అయితే చూసిన నిజాన్ని నిర్భయంగా రాయడానికి నిజాయతీ ఒక్కటే చాలదు. తీరిక, ఆర్థిక స్వేచ్ఛ, మనశ్శాంతి కూడా కావాలి. నైతికతపై ఉపన్యాసాలు ఇచ్చేవారు తరచూ విస్మరించేది దీన్నే.

సత్యం చెప్పిన పాఠం

డెల్టాలోని భీమవరంలో జన్మించిన బి.రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్స్ ఒకప్పుడు తెలుగువారికి గర్వకారణం. 2009 జనవరి 7న ఆయన సంస్థ డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖతో ఆ ప్రతిష్ఠ ఒక్క పూటలో కూలిపోయింది. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేవని ఆ లేఖ వెల్లడించింది. ఆ త్రైమాసికంలో నిర్వహణ లాభం రూ.649 కోట్లుగా ప్రకటించగా, వాస్తవం రూ.61 కోట్లేనని పేర్కొంది. తొలుత స్వల్పంగా ఉన్న తేడాను కప్పిపుచ్చబోయి, ఏటికేడాది పెంచుకుంటూ పోయినట్లు ఆ లేఖ సారాంశం.

మరి ఆడిట్ ఏమైంది? బ్యాంకులో సొమ్ము ఉందో లేదో తెలుసుకోవడానికి ఆడిటరు నేరుగా బ్యాంకుకే లేఖ రాసి, నేరుగా జవాబు తెప్పించుకోవాలి. ఆ లేఖలు పంపడం, జవాబులు అందుకోవడం కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో తప్పుపట్టింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతోపాటు ఆడిట్ సంస్థకు చెందిన ఇద్దరు మాజీ భాగస్వాములు సహా మొత్తం పది మందిని దోషులుగా నిర్ధారించింది. దోషులు అప్పీలుకు వెళ్లగా, శిక్ష అమలు నిలిచి బెయిలు లభించింది. ఆడిట్ సంస్థపై 2018లో సెబీ విధించిన రెండేళ్ల నిషేధాన్ని 2019లో అప్పిలేట్ ట్రైబ్యునల్ కొట్టివేసింది.

ఇంత పెద్ద కుంభకోణంలో లోపించింది అరుదైన విద్య కాదు. ఆర్టికల్ విద్యార్థికి సైతం నేర్పే ప్రాథమిక తనిఖీయే. మదుంలో పడిన చిన్న బొరియను చూసీ చూడనట్లు వదిలేస్తే కాలువ గట్టే తెగుతుందని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చట్టాలు వచ్చాయి.. ఒత్తిడి మిగిలింది

సత్యం ఉదంతం అనంతరం నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్, పెద్ద కంపెనీల్లో ఆడిటర్ల మార్పిడిని తప్పనిసరి చేసింది. వ్యక్తికి ఐదేళ్లు, సంస్థకు పదేళ్ల పరిమితి విధించింది. కంపెనీలో మోసాన్ని గమనిస్తే నివేదించే బాధ్యతనూ ఆడిటరుపై ఉంచింది. 2018లో జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడింది. దొంగ సంతకాలను అరికట్టేందుకు ప్రతి ధ్రువపత్రానికీ 18 అంకెల గుర్తింపు సంఖ్యను చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2019లో దశలవారీగా తప్పనిసరి చేసింది.

అయితే ఈ నియమాలేవీ ఆడిటరు దినచర్యను తేలిక చేయలేదు. 2017లో జీఎస్టీ వచ్చాక నెలనెలా గడువులు తోడయ్యాయి. 11వ తేదీకి ఒక రిటర్ను, 20వ తేదీకి మరొకటి, మధ్యలో టీడీఎస్, పైన నోటీసులకు సమాధానాలు. సెప్టెంబరు 30 టాక్స్ ఆడిట్ గడువు సమీపిస్తే కార్యాలయాల్లో అర్ధరాత్రి దాటినా దీపాలు ఆరవు. 2024 జూలైలో పుణేలో, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన ఒక యువ చార్టర్డ్ అకౌంటెంట్ మరణించారు. అధిక పనిభారమే బలిగొందని ఆమె తల్లి సంస్థకు రాసిన లేఖ దేశమంతటినీ కదిలించింది. పనిభారమే కారణమన్న వాదనను సంస్థ అధిపతి అంగీకరించలేదు. కేంద్ర కార్మిక శాఖ విచారణకు పూనుకుంది.

అలసిన కన్ను తప్పును పట్టలేదు. ఒక్కో సభ్యుడు ఏడాదికి చేయదగిన టాక్స్ ఆడిట్లపై చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 60 చొప్పున పరిమితి విధించడంలోని ఉద్దేశం అదే. కొందరు సభ్యులు ఈ పరిమితిని సవాలు చేయగా, 2024 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పని నాణ్యతకూ పని పరిమాణానికీ సంబంధం ఉందని అత్యున్నత న్యాయస్థానమే గుర్తించినట్లయింది.

చిన్న ఊరు.. పెద్ద మొహమాటం

మహానగరాల ఆడిటర్లకు బహుళజాతి సంస్థల ఒత్తిడి ఉంటే, గోదావరి తీర పట్టణాల ఆడిటర్లకు మొహమాటం ఉంటుంది. రైస్ మిల్లు యజమాని, చేపల చెరువుల రైతు, కడియం నర్సరీ వ్యాపారి, చిట్టీల నిర్వాహకుడు.. అందరూ తెలిసినవారే. పెళ్లి పందిట్లో ఎదురుపడేవారే. ‘ఆడిటరుగారూ, బ్యాంకు లోనుకు టర్నోవరు కాస్త పెంచండి’ అని ఒకరు, ‘పన్ను దగ్గర కాస్త తగ్గించండి’ అని మరొకరు అడిగితే కాదనడం కష్టం. కాదంటే పక్క వీధిలో చేసేవారున్నారన్న మాట సిద్ధంగా ఉంటుంది. నాలుగైదు పెద్ద ఖాతాల ఫీజుపైనే కార్యాలయం అద్దె, గుమాస్తాల జీతాలు ఆధారపడినప్పుడు ఆ మాట బెదిరింపుగానే వినిపిస్తుంది.

వ్యాపారులందరూ ఇలాగే అడుగుతారని కాదు, ఆడిటర్లందరూ తలొగ్గుతారనీ కాదు. కానీ కాదన్న ఆడిటరు ఆ రాత్రి ఒంటరిగా మిగులుతున్నాడన్నది గమనించాల్సిన విషయం. ఒకే ఖాతాదారుడి ఫీజుపై ఆధారపడకపోవడం, పని ఒప్పందాన్ని ముందే కాగితంపై పెట్టుకోవడం, ధర్మసందేహం కలిగినప్పుడు సీనియరు సలహా తీసుకోవడం అతనికి కొంత బలమిస్తాయి. ఆర్టికల్ విద్యార్థుల పనివేళలపై కార్యాలయాల పెద్దలు దృష్టి సారించాలి. తప్పు కనిపించిందని చెప్పిన కుర్రవాడిని గద్దించే చోట రేపటి ఆడిటరు మౌనమే నేర్చుకుంటాడు.

ఖాతాదారుల వంతు కూడా ఉంది. బిల్లుల సంచిని గడువుకు రెండు రోజుల ముందు తెచ్చి బల్లపై పడేసే అలవాటు మానితే ఆడిటరు భారం చాలావరకు తగ్గుతుంది. నచ్చని అంకెను చూపిన ఆడిటరును మార్చేయడం, వరద హెచ్చరిక జారీ చేసిన ఉద్యోగిపై కోపగించుకోవడం వంటిది. కోపంతో నీటిమట్టం తగ్గదు. ముంపునకు గురయ్యేది హెచ్చరించినవాడి ఇల్లు ఒక్కటే కాదు.