మన సంఘం పేజీని మనమే దిద్దుకోవచ్చా?

నాలుగేళ్ల క్రితం ఇక్కడి మా తెలుగు సంఘానికి నేను కార్యదర్శిగా ఉన్నాను. ఆంగ్ల వికీపీడియాలో మా సంఘానికి ఓ చిన్న పేజీ ఉంది. దాని చివర రెండు వాక్యాలు. ఎన్నికల్లో గొడవ జరిగిందని ఒకటి, రెండు వర్గాలు కోర్టుకెక్కాయని ఇంకొకటి. స్థానిక పత్రికలో వచ్చిన వార్తే వాటికి ఆధారం. సంక్రాంతి సంబరాలకు స్పాన్సర్ల చుట్టూ తిరుగుతున్న రోజులవి. ఓ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ రెండు వాక్యాలూ తీసేసి, మార్పుకు కారణం దగ్గర 'చిన్న సవరణ' అని రాశాను.

తెల్లారేసరికి ఎవరో వాటిని మళ్లీ పెట్టేశారు. నా చర్చా పేజీలో మర్యాదగా ఒక ప్రశ్న కూడా ఉంది: ఈ సంస్థతో మీకేమైనా సంబంధం ఉందా? నేను జవాబివ్వలేదు. పైగా మా కోశాధికారికి చెప్పి ఆయన ఖాతా నుంచి మళ్లీ తీయించాను. ఈసారి పేజీ నెత్తిన నోటీసు పడింది: ఈ వ్యాసం రాసినవారికి విషయంతో దగ్గరి సంబంధం ఉన్నట్టుంది అని. కోర్టు గొడవ ఎంతమంది చదివారో గానీ, ఆ నోటీసు చూసి స్పాన్సర్ ఒకాయన నన్నే అడిగాడు, ఏమిటండీ ఇది అని.

నేను చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్. నేను రాసిన కోడ్‌ను నేనే ఆమోదించుకోవడానికి వీల్లేదు, ఇంకొకరు చూసి సరే అనాల్సిందే. నన్ను అనుమానించినట్టని ఏనాడూ అనుకోలేదు. మరి సంఘం విషయానికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైంది? నాకు పైసా జీతం లేదుగా, సేవే కదా అనుకున్నాను. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఎవరి తరఫున రాస్తున్నారో బయటపెట్టాలని వికీమీడియా 2014లో తన నిబంధనల్లో చేర్చింది. జీతం లేకపోతే స్వార్థం లేదని మాత్రం కాదు. మన అభిమానమే చాలు కలాన్ని పక్కకు లాగడానికి. వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ కూడా 2005లో తన పేజీలో తోటి స్థాపకుడి ప్రస్తావనలు తానే దిద్దుకుని, అది బయటపడ్డాక తప్పేనన్నారు.

కొన్ని వారాలకు గానీ నాకు ధైర్యం రాలేదు. ఫలానా సంఘం కార్యదర్శిని నేనే, తీసేయించిందీ నేనే అని చర్చా పేజీలో రాశాను. కేసు రాజీ అయిందన్న వార్త లింకు ఇచ్చి, వీలైతే చేర్చమని అడిగాను. రెండు వారాల తర్వాత ఎవరో చేర్చారు. అక్కడిప్పుడు మూడు వాక్యాలున్నాయి. కోశాధికారి ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు.

ఇండియా నుంచి వచ్చే ఫోన్ల సంగతి వేరు. "సాఫ్ట్‌వేర్ కదరా, మామయ్యకో వికీ పేజీ పెట్టు" అంటారు. పెట్టను అంటే పొగరంటారు. ఇంతకిస్తే పెట్టిస్తామనే ఏజెంట్లూ ఉన్నారు. వాళ్ల జోలికి మాత్రం పోకండి. పేజీ పెడతాం, తీసేయకుండా కాపాడతాం అని డబ్బు గుంజిన ముఠా ఖాతాలు 381 పట్టుకుని, 2015లో ఆంగ్ల వికీపీడియా నిషేధించింది. ఆ డబ్బు కట్టినవాళ్ల పేజీలూ పోయాయి. మామయ్య గురించి పత్రికలు, పుస్తకాలు రాసి ఉంటే, ఆయనెవరో తెలియనివాళ్లే ఏదో రోజు రాస్తారు. లేకపోతే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. రాసేవాళ్లు తక్కువ, కాబట్టి చూసేవాళ్లూ తక్కువే. చర్చా పేజీలో అడిగింది నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. అప్పుడు రచ్చబండలో అడగాలి. అంతేగాని ఎవరూ చూడటం లేదు కదా అని మనమే కానిచ్చేయకూడదు.

ఈ మధ్య మా ఊరి పేజీకి చెరువు ఫొటోలు ఎక్కిస్తుంటే 'గ్రామ ప్రముఖులు' అన్న చోట మా తాతయ్య పేరు కనిపించింది. మా చిన్నాన్న కొడుకు చేర్చాడట, అడిగితే ఒప్పుకున్నాడు. మూలం ఏమీ లేదు. ఊళ్లో మొదటి బడి ఆయనే పెట్టించారని ఇంట్లో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. నేను ఉంచనూ లేదు, తీయనూ లేదు. ఆయన మా తాతయ్య, మూలం దొరకలేదు, మీరే చూడండి అని చర్చా పేజీలో రాశాను. ఇంకా ఎవరూ పలకలేదు.