ముందు అయస్కాంతం పీకేయండి

"మావయ్యా, ఆన్‌లైన్‌లో ఇంకా పవర్‌ఫుల్ మాగ్నెట్ దొరుకుతుందట, ఆర్డర్ పెట్టవా?"

దసరా సెలవులకి విజయనగరం వెళ్తే మా మేనల్లుడు నన్ను అడిగిన మొదటి మాట ఇది. ఎప్పుడొచ్చావు లేదు, ఎలా ఉన్నావు లేదు. డాబా మీద గదిలో నేను పెట్టిన స్లాట్ కార్ల ట్రాక్ మీద వాడి కారు రెండో మలుపు దగ్గర ఎగిరి గోడకి కొట్టుకుంటోందట. ఇంకా బలమైన అయస్కాంతం పెడితే నేలకి అతుక్కుని పోతుందని వాడి లెక్క. నేను చేసిన పని మాత్రం వాడు కలలో కూడా ఊహించలేదు. కారు తిరగేసి, ఉన్న అయస్కాంతం కూడా పీకి జేబులో వేసుకున్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు వెధవ.

స్లాట్ కార్లంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. అసలు కారుకి 32వ వంతు సైజులో, జానెడు కూడా ఉండని బొమ్మ కారు. ట్రాక్‌లో ఒక గాడి, గాడికి అటూ ఇటూ లోహపు పట్టీలు, వాటిలో 12 వోల్టుల కరెంటు. కారు ముక్కు కింద గైడ్ అని ఒక చిన్న రెక్క ఉంటుంది, అది గాడిలో దిగుతుంది. దానికి తగిలించిన రెండు రాగి జడలు పట్టీల మీద రాసుకుంటూ మోటారుకి కరెంటు అందిస్తాయి. స్టీరింగు లేదు. మీ చేతిలో ఉన్నది ఒక్క ట్రిగ్గరే, వేగం పెంచడం, తగ్గించడం. "అంతేనా, ఇందులో ఏముంది" అని మీరు అనుకుంటున్నారని తెలుసు. నేనూ అలాగే అనుకున్నాను.

1957లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఇంగ్లీషాయన హారోగేట్ బొమ్మల సంతలో దీన్ని చూపించాడు. అంతకుముందు ఆయన కంపెనీ కీ ఇస్తే నడిచే రేకు కార్లు స్కేలెక్స్ పేరుతో అమ్మేది. వాటికి ఎలక్ట్రిక్ మోటారు తగిలించేసరికి స్కేలెక్‌స్ట్రిక్ అయింది. 1960లలో అమెరికాలో ఈ పిచ్చి ఏ స్థాయికి వెళ్ళిందంటే, గంటకింతని డబ్బులు తీసుకుని ఆడించే పెద్ద పెద్ద ట్రాకులు వెలిశాయి. అక్కడి కుర్రాళ్ళు కంపెనీ చాసిస్‌లు పక్కన పడేసి, ఇత్తడి గొట్టాలు, పియానో తీగ కొనుక్కుని, సోల్డరింగ్ చేసి సొంత చాసిస్‌లు కట్టేవాళ్ళు. ఆ దశాబ్దం ముగిసేసరికి జోరు తగ్గింది, కానీ చాసిస్ కట్టే పిచ్చి మాత్రం ఇప్పటికీ మిగిలింది.

నాకిది అంటుకున్నది ఆన్‌సైట్‌కని ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు. వారానికో సాయంత్రం ఒక చర్చి హాల్లో బల్లలు కలిపి ట్రాక్ పరిచేవాళ్ళు. అందరూ రిటైరైన పెద్దవాళ్ళే. కొత్త కారు డబ్బాలోంచి తీసి గర్వంగా ట్రాక్ మీద పెట్టాను. ఒకాయన దాన్ని తీసుకుని, వెనక ఇరుసు ముందున్న అయస్కాంతాన్ని గోటితో లేపి నా అరచేతిలో పెట్టి, ఇప్పుడు నడుపు అన్నాడు. మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగి బయటపడింది. ఆ సాయంత్రం ఒక్క చుట్టు కూడా సరిగ్గా పూర్తి చెయ్యలేదు నేను. అంతకుముందు షాపులో డెమో ట్రాక్ మీద నేనే మైఖేల్ షూమాకర్‌ని!

సంగతేంటంటే, ప్లాస్టిక్ ట్రాకుల్లో పట్టీలు ఉక్కువి. కారు కింద అయస్కాంతం వాటిని లాగుతూ ఉంటుంది. కారు అసలు బరువు కంటే ఎక్కువ బలంతో నేలకి నొక్కుకుంటుంది. చక్రం వంకరగా ఉన్నా, చాసిస్ మెలిక పడ్డా, టైరు గుండ్రంగా లేకపోయినా, ఆ లాగుడు ముందు ఏదీ బయటపడదు. మోటారు మాత్రం ఆ బరువంతా ఈడుస్తూ వేడెక్కుతుంది. అన్నిటికంటే దారుణం ఇంకొకటుంది. అయస్కాంతం లేని కారు హద్దు దాటబోయే ముందు తోక ఊపుతుంది, "నాయనా తగ్గించు" అని చెబుతుంది. అయస్కాంతం ఉన్న కారు చెప్పదు. పట్టీ నుంచి కాస్త దూరం జరగ్గానే పట్టు ఒక్కసారిగా పోతుంది, కారు గోడకి పోతుంది.

ఇది చదువుతున్న వాళ్ళలో సగం మందికి ఈపాటికి ఏదో గుర్తొచ్చి ఉంటుంది. నాకైతే నేను రాసిన ఒక రీట్రై కోడ్ గుర్తొచ్చింది. కింద ఒక సర్వీసు రోజుకి కొన్నిసార్లు ఫెయిలవుతుంటే, ఎందుకో వెతికే ఓపిక లేక, మూడుసార్లు మళ్ళీ ప్రయత్నించమని పైన ఒక పొర వేశాను. డ్యాష్‌బోర్డంతా పచ్చగా ఉంది. మేనేజరు మెచ్చుకున్నాడు, అప్రైజల్‌లో కూడా రాసుకున్నాను. దాదాపు మూడేళ్ళ తర్వాత ఒక రాత్రి ఆ సర్వీసు పూర్తిగా కూర్చుంటే, నా రీట్రైలే దాని మీద మూడింతల లోడు వేసి లేవనివ్వలేదు. తెల్లారేదాకా కాల్‌లో ఉన్నాను. అది రాసింది నేనేనని చెప్పడానికి ఇంకో రెండు గంటలు పట్టింది, అది వేరే విషయం.

సరే, మా వాడి దగ్గరికి వద్దాం. మూడో రోజు అక్క మధ్యవర్తిత్వంతో సంధి కుదిరింది. షరతు ఒక్కటే: కొత్త మోటారు కొనకూడదు, ఉన్న కారునే బాగు చెయ్యాలి. మనోళ్ళు ఎవరైనా కారు నెమ్మదిగా ఉందనగానే ముందు మోటారు మార్చేస్తారు. మామూలు మోటారే 12 వోల్టుల దగ్గర నిమిషానికి దాదాపు 18,000 చుట్లు తిరుగుతుంది. ఆ శక్తినే నేల మీద పెట్టలేని చాసిస్‌కి ఇంకా పెద్ద మోటారు ఎందుకు? సర్వరు నెమ్మదిగా ఉందని ర్యామ్ పెంచినట్టు.

కారు బాడీ విప్పి, డ్రెస్సింగు టేబులు అద్దం మీద ఒట్టి చాసిస్ పెట్టించాను. ఒక్కో మూలా వేలితో నొక్కమన్నాను. టక్, టక్ మని ఆడింది. "అరె, కుంటుతోంది మావయ్యా!" అన్నాడు. అదీ అసలు జబ్బు. అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడే కాస్త మెలి తిరుగుతుంది. దాన్ని గాజు పలకకి టేపుతో సాపుగా కట్టేసి, వేడి నీళ్ళలో (మరిగేవి కాదు, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు) కాసేపు ఉంచి, అలాగే కట్టి ఉండగానే చల్లారనివ్వాలి. మా బావ వంటింట్లోకి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

తర్వాత టైర్లు. గరుకు కాగితం ట్రాక్ మీద అతికించి, వెనక చక్రాలు దాని మీద ఆనించి, మోటారుకి కొద్దిగా కరెంటు ఇచ్చి తిప్పితే, ఎత్తుపల్లాలు అరిగి గుండ్రంగా వస్తాయి. ఇది చేస్తుంటే నాకు మా తాతగారి ఊళ్ళో తాటికాయ బండి గుర్తొచ్చింది. సిక్కోలు తీరంలో పెరిగిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ముంజులు తినేశాక మిగిలిన రెండు కాయలకి మధ్యలో కన్నం పెట్టి, ఒక పుల్ల ఇరుసుగా దూర్చి, పంగల కర్రతో తోసుకుంటూ పరిగెత్తేవాళ్ళం. కన్నం నడిమధ్యన పడకపోతే బండి ఎగిరెగిరి పడేది. ఇరుసు వంకరైతే ఎంత తిన్నగా తోసినా కాలవలోకే పోయేది. పందెం గెలిచేది గట్టిగా పరిగెత్తేవాడు కాదు, కన్నం సరిగ్గా పెట్టినవాడు. అంటే మా వాడికి నేను చెప్పాల్సిన పాఠమంతా ఎనిమిదేళ్ళ వయసులో నాకు తెలుసు, మధ్యలో ఇంజనీరింగ్ చదివి మర్చిపోయాను :-)

ఈ కారులో మోటారూ వెనక ఇరుసూ కలిపి పాడ్ అనే విడి ముక్కలో ఉంటాయి. దాన్ని చాసిస్‌కి బిగించే మరలు ఎవరైనా చివరిదాకా బిగించేస్తారు. అర చుట్టు వదులు చెయ్యాలి. బాడీ మరలు కూడా అంతే. అప్పుడు వెనక చక్రాల అదురు ముందున్న గైడ్‌ దాకా పోదు, కారు గాడిలోంచి లేవదు. స్లాట్.ఇట్, ఎన్‌ఎస్‌ఆర్ లాంటి ఇటలీ కంపెనీలు ఈ సూత్రం మీదే పేరు తెచ్చుకున్నాయి. వదులు అంటే లొడలొడలాడటం కాదు సుమా. ఇరుసు మాత్రం తన బుష్షుల్లో ఆడకూడదు, పాడ్ కొద్దిగా ఆడాలి. మా వాడు రెండూ వదులు చేసి ఒకసారి, రెండూ బిగించి ఒకసారి చూసి, అప్పుడు నమ్మాడు. ముందు చక్రాలు నేలని ఊరికే తాకాలి తప్ప బరువు మొయ్యకూడదు. బరువు గైడ్ మీదా, వెనక రెండు టైర్ల మీదా ఉండాలి, ముక్కాలి పీటలాగ. ముక్కాలి పీట ఎక్కడ వేసినా కుంటదు కదా.

ఇంతా చేశాక ల్యాప్ టైము చూస్తే, అయస్కాంతంతో కంటే ఇంకా అర సెకను పైనే నెమ్మది. నిజం దాచడం ఎందుకు. "చూశావా, నీది వేస్టు" అన్నాడు. కానీ గోడకి కొట్టుకోవడం ఆగిపోయింది. ఇరవై చుట్లు వరసగా తిరిగింది. మలుపులో తోక జారుతుంటే ట్రిగ్గర్ కాస్త వదిలి మళ్ళీ నొక్కడం వాడి వేలికి అలవాటవుతోంది. మలుపు దగ్గర ఊపిరి బిగబట్టడం నేను చూశాను, వాడు ఒప్పుకోడు గానీ.

ఇక్కడ చిన్న పిల్లల సంగతి వేరు అని ఒప్పుకుంటాను. ఐదేళ్ళ పిల్లకి అయస్కాంతం తీసేసి ఇస్తే పది నిమిషాల్లో విసిరికొడుతుంది. సరదాకి ఆడుకునే వాళ్ళకి అదే మంచిది. నా గొడవ రేసింగ్ అని చెప్పుకుంటూ అయస్కాంతాల బలంలో పోటీ పడే పెద్దవాళ్ళతో. హైదరాబాద్‌లో మా ఆఫీసు మిత్రులు నలుగురం కలిసి ఆడతాం, ముగ్గురు అయస్కాంతం ఉండాలంటారు, "అందరికీ ఈక్వల్‌గా ఉంటుంది" అని. ఈక్వల్‌గానే ఉంటుంది బాబూ, ఎవరికీ నడపడం రాదు కాబట్టి. మా వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. వాడి కాలేజీలో లెక్క అర్థం కాకపోయినా జవాబు గుర్తుపట్టే షార్ట్‌కట్లు నేర్పుతున్నారట. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే ఆగను.

పండగయ్యాక వాడే అడిగాడు, చాసిస్ మనమే చేస్తే ఎలా ఉంటుంది అని. విశాఖలో ఒక మిల్లీమీటరు ఇత్తడి రేకు కొని, నేను ఒకటి కోశాను. కోసింది కోసినట్టే అరిటాకులా పైకి లేచింది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో బూడితి ఉంది కదా, ఇత్తడి, కంచు పనికి జీఐ గుర్తింపు ఉన్న ఊరు. ఇద్దరం రేకు పట్టుకుని బయల్దేరాం. అక్కడొక పెద్దాయన రేకుని వెలుగుకి పట్టి చూసి నవ్వాడు.

"ఇది సుట్టలోంచి కోసిన రేకు బావూ. పైకి సాపుగా అవుపడతాది గానీ లోపల ఇంకా సుట్టే ఉంటాది. మీరు మజ్జికి కోసీసినారనుకోండి, దాని బుద్ధి అది సూపిస్తాది."

"మరేం చెయ్యాలి తాతా?" అన్నాడు మా వాడు.

"కొయ్యకముందే ఏడి సూపించాల. ఎర్రగా కాల్చీకండి, మెత్తబడిపోతాది. రంగు మారీదాకా సూపించి ఒగ్గీయండి. నీల్లు పొయ్యకండి, దానంతటది సల్లారాల."

లోపలి ఒత్తిడి పోవాలి, గట్టిదనం మిగలాలి. నేను ఇంజనీరింగ్‌లో రెండు పేజీలు రాసిన సంగతి ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఇంత సిన్న బండికి ఇంత దూరం వొచ్చినారా" అని మాత్రం మావాడి కారుని అరచేతిలో పెట్టుకుని చక్రాలు వేలితో తిప్పి చూశాడు. కుడి వెనక చక్రం దగ్గర ఆగి, ఇది కొంచెం కొడతన్నాది అన్నాడు. కొడుతోంది, నిజమే. గరుకు కాగితం మీద మేం ఎంత తిప్పినా మాకు కనబడలేదు.

రెండో రేకు ఆయన చెప్పినట్టే చేశాం, లేవలేదు. ఇత్తడి ప్లాస్టిక్ కంటే ఎనిమిది రెట్లు బరువు, ఆ బరువంతా నేలకి అతి దగ్గరగా ఉంటుంది, కాబట్టి సీసం ముక్కలు అతికించే పని తప్పింది. సోల్డరింగ్ నాది, ఆకురాయి పని వాడిది. నేను హైదరాబాద్ తిరిగొచ్చిన మర్నాడు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. పాత అయస్కాంతం టైముకి ఇంకా సెకనులో పదో వంతు వెనకే ఉన్నాడు.

కింద ఒక లైను రాశాడు: "మావయ్యా, ఆ కుడి చక్రం మార్చాను. ఆ మాగ్నెట్ నీ జేబులోనే ఉంది కదా, ఫ్రిజ్‌కి పెట్టుకో."