మిగిలిన ఊలుకు ధర కట్టండి

ఇంట్లో మిగిలిపోయిన ఊలు ఉండలు, సగం వాడిన పూసల పొట్లాలు, చమ్కీలు, క్రోషా సూదులు ఏ అనాథాశ్రమానికో ఇచ్చేస్తే పుణ్యమని మనలో చాలామంది నమ్మకం. అమ్మడం చిన్నతనం, పారేయడం పాపం, కాబట్టి దానం. ఈ లెక్క నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. దీనివల్ల పుచ్చుకునేవాళ్ల అవసరం తీరడం కన్నా ఇచ్చేవాళ్ల అలమర ఖాళీ కావడమే ఎక్కువ. మిగిలిన సామాను చేరాల్సిన చోటు బజారు. హైదరాబాద్ వాళ్లు దాన్ని ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు, పురానాపూల్ దగ్గరే ఉంది.

1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా మూసీ మీద కట్టించిన ఆ వంతెన నగరం కన్నా 13 ఏళ్లు పెద్దది. దాని దాపునే గురువారం గురువారం జుమ్మేరాత్ బజార్ సాగుతుంది. పాత బట్టలు, పాత పనిముట్లు, ఎవరింట్లోనో అక్కర తీరిన సామాన్లు నేల మీద పరిచి అమ్ముతారు. మర్యాదస్తులు చోర్ బజార్ అని మూతి తిప్పుకుంటారు. అక్కడి ఇత్తడి చెంబునే బంజారాహిల్స్ దుకాణంలో లైటు కింద పెడితే అడిగినంత ఇచ్చి తెచ్చుకుంటారు, అది వేరే సంగతి.

ఆ బజారులో ఏ వస్తువూ ఎవరి నెత్తినా పడదు. కావాల్సినవాడు వంగి చూస్తాడు, తిప్పి చూస్తాడు, బేరమాడతాడు, నచ్చకపోతే లేచిపోతాడు. దానం పుచ్చుకునేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మీరు తెచ్చిన సంచీ చూసి ఆశ్రమం నడిపే ఆవిడ ‘మాకొద్దమ్మా’ అనగలదా? వచ్చే నెల బియ్యం బస్తా ఇచ్చే చెయ్యీ మీదే కావచ్చు. అందుకే నవ్వుతూ తీసుకుంటుంది, ఫొటోకు నిలబడుతుంది. మీరు గేటు దాటాక ఆ సంచీ మెట్ల కిందికి పోతుంది.

అందులో ఏముంటుందో అల్లిక తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊలు ఉండ చుట్టూ ఉండే కాగితం మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు కూడా ఉంటుంది. రంగు ఒకటే అయినా లాటు మారితే ఛాయ మారుతుంది. కాగితం ఊడిపోయిన సగం సగం ఉండలు పదిళ్ల నుంచి పోగుచేసి ఇస్తే, స్వెట్టర్‌కు ఒక చెయ్యి వంకాయ రంగులో, రెండోది నేరేడు రంగులో వస్తుంది. పైగా మన దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం యాక్రిలిక్. మెట్ల కింద ఎన్నేళ్లున్నా మట్టిలో కలవదు. మగ్గం వర్క్‌కైతే ఈ పట్టింపు మరీ ఎక్కువ. పాతబస్తీ ఇళ్లల్లో అడ్డా చట్రం బిగించి జాకెట్లు కుట్టేవాళ్లకు రెండు చేతులకూ ఒకే జరీ, ఒకే సైజు పూస కావాలి. మీ సగం పొట్లం వాళ్ల చేతిలో ఉన్న పనికి సరిపోతే బంగారం, లేకపోతే చెత్త. ఏదన్నది తేల్చాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఏరాలి.

ఆ ఏరడం పని. పానిపట్‌లో దానికి కూలి ఉంది. దేశదేశాల నుంచి వచ్చిన పాత ఉన్ని బట్టలను అక్కడ రంగుల వారీగా వేరు చేసి, గుండీలూ జిప్పులూ కోసేసి, చీల్చి, మళ్లీ నూలు వడుకుతారు. వరదలప్పుడు పంచే చవక దుప్పట్లలో అలా తయారైనవీ ఉన్నాయి. అంటే పంచిపెట్టే దుప్పటి కూడా ముందు ఒక బజారు దాటే వచ్చింది. మన దాతలు మాత్రం ఆ ఏరుడును ఆశ్రమంలో ఆయమ్మ నెత్తిన ఊరికే పెడతారు. గురువారం బజారులో తన డబ్బు పెట్టి సరుకు కొన్నవాడైతే చిక్కులు తీస్తాడు, రంగులు కలుపుతాడు. తీయకపోతే నష్టం వాడిదే.

‘పేద ఆడవాళ్లకు ఊలిస్తే ఖాళీగా ఉండకుండా ఏదో ఒకటి అల్లుకుంటారు’ అనే మాట ఒకటుంది. నాకు ఒళ్లు మండేది అక్కడ. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం వేసింది. వ్యాపారులు దారం ఇస్తే ఇంటి దగ్గర గంటల తరబడి అల్లి, ముక్కకింతని తీసుకునేవాళ్లు వాళ్లు. ఆ లేసు విదేశాలకు పోయేది. అయినా లోకం వాళ్లను తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులనే అంది, కార్మికులనలేదు. ఇంటిపట్టున పనిచేసేవాళ్లకూ కార్మికుల హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఉచితంగా వచ్చిన దారంతో ఉచితంగా అల్లమనడం ఆ పాత చూపే. అల్లగలిగిన ఆవిడకు కావాల్సింది ఆర్డరు, కూలి, చేతిలో పనికి సరిపడే దారం.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దానపు పాత బట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి తడిశాయి. జాలరులకు పనికొస్తాయా అని పంపినవాళ్లు అడగలేదు. ఆ కుప్పల్ని ఏరిన గూంజ్ సంస్థ మామూలు రోజుల్లో పాత బట్టల్ని దానంగా పంచదు. ఊళ్లో బావి తవ్వుకున్నందుకో, దారి వేసుకున్నందుకో ప్రతిఫలంగా ఇస్తుంది. పాత బట్టలతో అంత పనిచేసినవాళ్లే ఊరికే ఇవ్వడాన్ని నమ్మకపోతే, మనకు అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

పేదవాళ్ల దగ్గర డబ్బు తీసుకోమంటావా అని అడుగుతారు. తీసుకోమనే అంటాను, పదో ఇరవయ్యో. డబ్బిచ్చి కొన్నావిడ అక్కర్లేనిది కొనదు. ధూల్‌పేటలో పతంగులతో పాటు రాఖీలు కట్టే ఇళ్లున్నాయి. రాఖీకి జానెడు దారం, నాలుగు పూసలు చాలు. స్వెట్టర్‌కు పనికిరాని రంగుల కలగలుపు అక్కడ తప్పు కాదు. ఆ తుక్కుకు అక్కడ ధర పలకొచ్చు, పలక్కపోవచ్చు. పలక్కపోతే అది తుక్కేనని మీకు తెలుస్తుంది, దానికీ ఓ విలువుంది.

ఇక ఆశ్రమంలో పిల్లలకు అల్లిక నేర్పాలని నిజంగా ఉంటే, అమ్మగా వచ్చిన డబ్బుకు ఇంకాస్త కలిపి బేగంబజార్ వెళ్లి ఒకే లాటులో కొత్త ఉండలు కొనండి. బయల్దేరే ముందు ఏ రంగు కావాలో ఆ పిల్లల్ని అడగండి.